విదేశీ భాషలో డిగ్రీ చేయాలంటే: విశాఖ నుంచి మొదలుపెట్టేవాళ్లు ఎలా వెళ్లాలి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం నుంచి నా ఫోన్‌కి రెండే ప్రశ్నలు వస్తాయి. పిల్లలు అడిగేది: "మాస్టారూ, జపనీస్ బెటరా, జర్మన్ బెటరా?" వాళ్ల నాన్నగారు అడిగేది: "ఇంజినీరింగ్ వదిలేసి భాష చదివితే ఉద్యోగం వస్తుందంటారా?"

నాన్నగారికి ముందు జవాబు చెప్పేస్తాను. వస్తుందండీ. కానీ డిగ్రీ పట్టా చూసి ఎవరూ ఇవ్వరు. ఇంటర్వ్యూలో చూసేది రెండే. మీ అబ్బాయికో అమ్మాయికో ఆ భాష ఏ స్థాయి దాకా వచ్చు, భాషతో పాటు ఇంకేం పని వచ్చు. మూడు నాలుగేళ్లలో ఆ రెండూ ఎలా సంపాదించాలో కింద వరసగా రాశాను. ఇప్పటికే డిగ్రీలోనో బీటెక్‌లోనో ఉన్నవాళ్లు 1, 2 అంకెలు చదివి నేరుగా 5కి వెళ్లిపోవచ్చు.

ముందుగా కావలసినవి

- రోజుకి గంటన్నర, వారానికి ఆరు రోజులు, కనీసం రెండేళ్ల పాటు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుంటే భాష రాదు.
- పాస్‌పోర్ట్. విదేశాలకి వెళ్లే ఆలోచన లేకపోయినా తీసుకోండి. పెద్ద పరీక్షలకి గుర్తింపు కార్డుగా అదే అడుగుతారు.
- చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు. మంచి పుస్తకాలు ఇంగ్లీషులోనో నేరుగా ఆ భాషలోనో ఉంటాయి. ఉద్యోగంలోనూ పై అధికారితో ఇంగ్లీషే నడుస్తుంది.
- హెడ్‌ఫోన్స్, వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్, ఒక లావుపాటి నోట్‌బుక్.
- కోర్సు ఫీజు కాక పరీక్ష ఫీజుకీ, హైదరాబాద్‌కో చెన్నైకో ప్రయాణానికీ విడిగా పక్కన పెట్టిన డబ్బు. దీన్ని చాలామంది లెక్కలో వేసుకోరు.

స్థాయిల గురించి ఒక్క మాట. యూరప్ భాషలకి ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు. జపనీస్‌కి జేఎల్‌పీటీ అనే పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా, అంకె తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది. కొరియన్‌కి టోపిక్ అనే పరీక్షలో 1 నుంచి 6 దాకా. ఉద్యోగాల మార్కెట్ మొదలయ్యేది బీ2 దగ్గర, జపనీస్‌లో ఎన్3 దాటాక. అంతకు కింద వచ్చేవి అరకొర పనులే.

1. సీటు గురించి ఆలోచించే ముందు మూడు నెలలు నేర్చుకుని చూడండి

ఎంపీసీ తీసుకునే ముందు పదేళ్లు లెక్కలు చేసి ఉంటారు. భాష విషయంలో మాత్రం ఒక్క అక్షరం రాయకుండానే మూడేళ్ల డిగ్రీలో చేరిపోతారు. ఆ తొందర వద్దు. జర్మన్‌కి డాయిచ వెలె, ఫ్రెంచ్‌కి టీవీ5 మోండ్, జపనీస్‌కి ఎన్‌హెచ్‌కే వరల్డ్, కొరియన్‌కి కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఉచితంగా పాఠాలు ఇస్తున్నాయి. మూడు నెలలు అవి చాలు.

చెక్ చేసుకోవడం ఇలా: మూడో నెల చివర కాగితం చూడకుండా మీ గురించి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. ఎవరితోనైనా పది ఫోన్ నంబర్లు ఆ భాషలో చదివించుకుని వింటూ రాయండి. మీ వీధి గురించి ఆరు వాక్యాలు రాయండి. మూడూ ఓ మోస్తరుగా వస్తే ముందుకి వెళ్లండి. రాకపోతే తెలివి తక్కువని కాదు, ఎన్ని రోజులు ఎగ్గొట్టారో లెక్కపెట్టుకోండి. నెలలో సగం రోజులు ఎగ్గొట్టినవాళ్లకి డిగ్రీలోనూ అదే అలవాటు కొనసాగుతుంది.

జాగ్రత్త: కొరియన్ డ్రామాలు ఇష్టమని కొరియన్, యానిమే ఇష్టమని జపనీస్ తీసుకుంటామనేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఇష్టం మంచిదే, మొదటి ఆరు నెలలు లాక్కొస్తుంది. జపాన్ ప్రభుత్వం నిత్య వాడుకకని పెట్టిన కాంజీ అక్షరాల జాబితాలో 2136 ఉన్నాయి. ఆ ఇష్టం వాటి ముందు కూర్చోగలదా లేదా అన్నది ఈ మూడు నెలల్లోనే బయటపడుతుంది.

2. పని ఎక్కడుందో చూసి భాష ఎంచుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. జాబ్ పోర్టల్ తెరిచి మీరు అనుకుంటున్న భాష పేరు, పక్కన హైదరాబాద్ అని కొట్టండి. తర్వాత బెంగళూరు, చెన్నై, ఆంధ్రప్రదేశ్. ఇరవై ప్రకటనలు దొరికేదాకా చూసి నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసి రాయండి: ఏ స్థాయి అడిగారు, భాష కాక ఏం అడిగారు, ఏ ఊరు, ఏ షిఫ్టు. గంటన్నర పని. ఈ కాగితం ముందు పెట్టుకుంటే బంధువుల సలహాలు సగం వాటంతటవే రాలిపోతాయి. నాకు తెలిసినంత వరకు చిత్రం ఇదీ.

జపనీస్: మన రాష్ట్రంలోనే ఫ్యాక్టరీలున్నాయి. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో. మన పక్కనే అచ్యుతాపురంలో యొకొహామా టైర్ల ప్లాంటు. ఇలాంటి చోట్ల జపాన్ ఇంజినీరు చెప్పేది షాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లకి చెప్పాలి, మీటింగ్ నోట్స్ రాయాలి, మాన్యువల్ అనువదించాలి. ఎక్కువగా ఎన్2 అడుగుతారు. తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. జపనీస్, కొరియన్ రెండింటిలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, మన "లో, కి, తో" లాంటివి మాట వెనకే అతుక్కుంటాయి. ఇంగ్లీషు నుంచి వెళ్లేవాళ్లు తల పట్టుకునే చోట మనం దర్జాగా దాటేస్తాం. లిపి మాత్రం ఎవరికీ దయ చూపదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకి జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్ పట్టుబడటానికి 2200 క్లాసు గంటలు పడుతుందని అమెరికా దౌత్యవేత్తలకి భాషలు నేర్పే సంస్థ లెక్క. మనకి వ్యాకరణంలో కొంత తగ్గుతుందేమో గానీ లిపిలో తగ్గదు.

జర్మన్: రెండు దారులున్నాయి. ఇక్కడే హైదరాబాద్, బెంగళూరు, పుణె కంపెనీల్లో జర్మన్ కస్టమర్ల పని. లేదా జర్మనీ వెళ్లడం. నర్సింగ్ చదివినవాళ్లు అక్కడ పూర్తి గుర్తింపుతో పనిచేయాలంటే సాధారణంగా బీ2 కావాలి. డాక్టర్లకి దానిపైన వైద్య జర్మన్ పరీక్ష వేరే ఉంటుంది. బీ2 దాకా రావడానికి 600 నుంచి 800 పీరియడ్లు (ఒక్కోటి 45 నిమిషాలు) పడుతుందని జర్మన్ నేర్పే గోయెతే ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. ఆరు నెలల్లో చేయిస్తామనే బోర్డు కనిపిస్తే ఈ అంకెని ఆరు నెలల్లోని రోజులతో భాగించి చూసుకోండి. రోజుకి ఎన్ని గంటల క్లాసు అవుతుందో తేలిపోతుంది.

ఫ్రెంచ్: స్కూళ్లలో టీచర్ పోస్టులు దీనికే ఎక్కువ. కెనడా వెళ్లాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఇదొకటి. (మిగతావి ఇంగ్లీషు, స్పానిష్, రష్యన్, చైనీస్, అరబిక్. జర్మన్, జపనీస్ ఆ జాబితాలో లేవు. "యూఎన్‌లో చేరతాను" అంటూ జర్మన్ మొదలుపెట్టే పిల్లల కోసం చెబుతున్నాను.)

కొరియన్: కియా ప్లాంటు 2019లో పెనుకొండ దగ్గర మొదలయ్యాక మన రాష్ట్రంలో దీనికి గిరాకీ వచ్చింది. నేర్పే టీచర్లు తక్కువ, డిగ్రీ సీట్లు ఇంకా తక్కువ.

స్పానిష్‌కి కస్టమర్ సపోర్టులో పని ఉంది. లాటిన్ అమెరికా టైమింగ్స్ అయితే రాత్రి షిఫ్టు ఖాయం. అరబిక్ వచ్చినవాళ్లకి హైదరాబాద్ ఆసుపత్రుల్లో విదేశీ పేషెంట్లకి దుబాసీ పని దొరుకుతుంది. చైనీస్ నేర్చుకునేవాళ్లు తక్కువ కాబట్టి వచ్చినవాళ్లకి విలువుంది, రెండు దేశాల సంబంధాలు బిగుసుకున్నప్పుడల్లా పని తగ్గుతుంది కూడా.

రష్యన్ సంగతి విశాఖవాళ్లకి వేరే చెప్పాలా? ఉక్కు ఫ్యాక్టరీకి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయింది. ఆ రోజుల్లో రష్యన్ వచ్చినవాళ్లకి ఊళ్లోనే పని ఉండేది. విశాలాంధ్ర బుక్ హౌస్‌లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కారుచౌకగా దొరికేవి, మాస్కోలో కూర్చుని తెలుగులోకి అనువాదం చేయడమే ఉద్యోగంగా బతికినవాళ్లున్నారు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పనీ పోయింది. భాషా ఉద్యోగం దేశాల మధ్య వ్యాపారం మీద నిలబడుతుంది కాబట్టి మీ ఇరవై ప్రకటనల కాగితాన్ని ప్రతి ఏడూ ఒకసారి కొత్తగా రాయండి.

3. మూడు దారుల్లో మీదేదో తేల్చుకోండి

మొదటి దారి, సెంట్రల్ యూనివర్సిటీలో భాషలోనే బీఏ ఆనర్స్. మనకి దగ్గరది హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం మొదలై 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఢిల్లీలో జేఎన్‌యూలో జపనీస్, కొరియన్, చైనీస్, రష్యన్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, పర్షియన్ బీఏలున్నాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, ఇటాలియన్. వీటిలో భాష ముందే వచ్చి ఉండాలన్న నియమం లేదు, అక్షరాల నుంచి మొదలుపెడతారు. ఫీజులు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. టీచింగ్, అనువాదం, పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే ఇదే సరైన దారి.

రెండోది, విశాఖలోనే బీకామ్, బీఎస్సీ, బీబీఏ లాంటి డిగ్రీ చేస్తూ సాయంత్రాలు భాష నేర్చుకోవడం. దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, కంపెనీ ఉద్యోగమే కావాలనుకునే పిల్లలకి నా ఓటు దీనికే. బీకామ్‌తో జర్మన్ బీ2 ఉన్నవాడు ఇన్వాయిస్ చదవగలడు, చదివింది అర్థం చేసుకోగలడు. ఒట్టి జర్మన్ వచ్చినవాడికి ఇన్వాయిస్ అంటే ఏమిటో కంపెనీయే నేర్పాలి. బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ వాళ్లకి పరవాడ ఫార్మా సిటీ ఇక్కడే ఉంది. అలాంటి కంపెనీలు తమ మందులు అమ్మే దేశాల నుంచి వచ్చే కాగితాలు చదవాలంటే కెమిస్ట్రీ తెలిసి భాష వచ్చినవాళ్లు కావాలి. డిగ్రీ సీట్లు ఓఏఎండీసీ ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో వస్తాయి, దాని గురించి మీ కాలేజీలో అందరికీ తెలుసు.

మూడోది, నర్సింగ్, ఇంజినీరింగ్, హోటల్ మేనేజ్‌మెంట్ లాంటి వృత్తి చదువుకి భాష తోడు చేసుకోవడం. అక్కడ భాష సహాయకుడి పాత్రే, కానీ జీతం మార్చేది అదే.

దూరవిద్య కావాలంటే ఇగ్నోకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. కొన్ని విదేశీ భాషల్లో సర్టిఫికెట్ కోర్సులు నడుపుతుంది. ఖర్చు తక్కువ, పునాది వరకు మంచిది. మాట్లాడే అభ్యాసం మాత్రం మీరే వేరేగా చూసుకోవాలి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: "మా వాడికి ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచే, 98 వచ్చాయి, నేరుగా బీ1లో చేర్చుకోండి" అంటారు. మన కాలేజీల్లో సంస్కృతమైనా ఫ్రెంచైనా మార్కుల కోసం తీసుకునేవే అని అందరికీ తెలిసిన రహస్యం. ఆ పిల్లాణ్ని "నిన్న సాయంత్రం ఏం చేశావు?" అని ఫ్రెంచ్‌లో అడిగి చూడండి. జవాబు రాకపోతే ఏ1 నుంచే మొదలుపెట్టించండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, రెండు నెలల్లో మిగతావాళ్లని దాటేస్తాడు.

4. సీయూఈటీ ఫారం జాగ్రత్తగా నింపండి (మొదటి దారివాళ్లకి)

సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. విశాఖ పిల్లలు దీన్ని పోగొట్టుకునేది తెలివి లేక కాదు, ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ టెన్షన్‌లో ఫారం గడువు దాటిపోయి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మొదలుకాక ముందు నుంచే వారానికోసారి ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.

అ. ముందు యూనివర్సిటీ ప్రాస్పెక్టస్ తెరవండి, తర్వాత ఫారం. ఏ కోర్సుకి ఏ పేపర్లు రాయాలో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో నియమం. ఒకచోట ఇంగ్లీషు, జనరల్ టెస్ట్ చాలు. ఇంకోచోట ఒక సబ్జెక్టు కూడా అడుగుతారు. పేపర్ తప్పు ఎంచుకుంటే ఎన్ని మార్కులొచ్చినా ఆ కోర్సుకి మీరు అర్హులు కారు.

ఆ. మీ లిస్టులోని యూనివర్సిటీలన్నిటి నియమాలూ ఒక కాగితం మీద రాసి, అన్నిటికీ సరిపోయే పేపర్లు ఎంచుకోండి.

ఇ. సీయూఈటీ రాస్తే సీటు దానంతటదే రాదు. స్కోరు వచ్చాక ఆయా యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. "పరీక్ష బాగా రాశాను, ఫోన్ ఎప్పుడొస్తుంది?" అని జూలై దాకా ఎదురుచూసేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. ఫోన్ రాదు.

ఈ. కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, ఈడబ్ల్యూఎస్ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. ఎమ్మార్వో ఆఫీసులో రాష్ట్ర నమూనా చేతిలో పెట్టి పంపేస్తారు. అడిగి సరైనదే తీసుకోండి.

చెక్: సబ్మిట్ కొట్టే ముందు ఫారం ప్రింట్ తీసి ఇంట్లో ఇంకొకరితో గట్టిగా చదివించండి. పుట్టిన తేదీ, పేరు, పేపర్ల వరస మెమోతో, ప్రాస్పెక్టస్‌తో టిక్కులు పెట్టుకుంటూ చూడండి.

5. విశాఖలో టీచర్‌ని ఇలా వెతకండి

ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట, సిరిపురం వైపు మెట్లెక్కితే ఐఈఎల్‌టీఎస్ బోర్డు కిందే జర్మన్, ఫ్రెంచ్ అని రాసి ఉంటుంది. మంచివీ ఉన్నాయి. ఏది మంచిదో తేల్చుకోవాలంటే డబ్బు కట్టే ముందు డెమో క్లాసులో కూర్చోండి. టీచర్ కబుర్లు వినకండి, వైట్‌బోర్డు చూడండి. ముప్పావు గంటసేపు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి, పిల్లల చేత ఒక్క వాక్యం పలికించకపోతే లేచి వచ్చేయండి. క్లాసులో ప్రతి పిల్లవాడూ కనీసం నాలుగైదు సార్లు నోరు విప్పాలి.

మర్యాదగానే అడగాల్సినవి:

- మీది ఏ స్థాయి సర్టిఫికెట్? (ఏ2 ఉన్నవాళ్లు ఏ1 చెప్పేస్తున్నారు. టీచర్‌కి కనీసం బీ2, వీలైతే సీ1 ఉండాలి.)
- బ్యాచ్‌లో ఎంతమంది? పదిహేను దాటితే మాట్లాడే వంతు రాదు.
- పోయిన ఏడాది మీ దగ్గర ఎంతమంది బయటి పరీక్ష రాశారు, ఎంతమంది పాసయ్యారు? వాళ్ల సొంత సర్టిఫికెట్ లెక్కలోకి రాదు.
- మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారు? రాతలో తీసుకోండి.

విశాఖలో మంచి టీచర్ దొరకని భాష అయితే గోయెతే, ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సెజ్ లాంటి సంస్థల ఆన్‌లైన్ బ్యాచ్‌లు చూడండి. మాట్లాడటానికి మనుషులు కావాలంటే ఆంధ్ర యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులు ఏటా ఉంటారు. ఫ్రెంచో అరబిక్కో మాతృభాషగా ఉన్నవాళ్లు తారసపడితే వాళ్లకి కాస్త తెలుగు నేర్పండి, మీరు వాళ్ల దగ్గర అది నేర్చుకోండి. పైసా ఖర్చు లేదు. ఎప్పుడు కుదురుతుందో వాళ్లని అడిగి వెళ్లండి, చనువు తీసుకుని వేధించకండి.

6. రోజూ చదవండి, నెలకోసారి కొలవండి

రోజు గంటన్నర ఇలా పంచుకోవచ్చు. ఇరవై నిమిషాలు వినడం, ఇరవై నిమిషాలు గట్టిగా చదవడం, అరగంట పాఠం, చివరి ఇరవై నిమిషాలు రాయడం. వినడానికి నేర్చుకునేవాళ్ల కోసమే చదివే వార్తలున్నాయి: జర్మన్‌లో నెమ్మదిగా చదివేవి డాయిచ వెలెవి, ఫ్రెంచ్‌లో సులువు మాటలవి ఆర్‌ఎఫ్‌ఐవి. జపనీస్‌లో సులువు మాటలతో ఎన్‌హెచ్‌కే ఇచ్చే వార్తలు చదువుకోవచ్చు. గాజువాక నుంచి సిటీకి రోజూ బస్సులో వచ్చేవాళ్లకి వినే భాగం బస్సులోనే అయిపోతుంది.

నెల చివర మళ్లీ అదే రికార్డింగ్. రెండు నిమిషాలు, కొత్త అంశం. పాతది, కొత్తది వరసగా వినండి. ఎన్నిచోట్ల ఆగారు? ఎన్నిసార్లు ఇంగ్లీషు మాట దొర్లింది? ఆ రెండు అంకెలు నోట్‌బుక్ వెనక అట్ట మీద రాస్తూ పోండి. మూడు నెలలుగా అవి తగ్గకపోతే మాట్లాడే సాధన తక్కువైందని అర్థం, ఇంకో వ్యాకరణ పుస్తకం కొనకండి.

మొబైల్ యాప్‌లో ఎన్ని రోజుల వరస ఉందన్నది కొలత కాదు. రోజూ యాప్ ఆడుతూ ఏడాది తర్వాత కూడా కాఫీ అడగలేనివాళ్లని చూశాను. అనువాద సాఫ్ట్‌వేర్‌తో హోంవర్క్ చేయడం ఇంకా నష్టం. టీచర్ దిద్దేది దాని తప్పుల్ని, మీవి మీ దగ్గరే ఉండిపోతాయి.

7. బయటి పరీక్ష రాయండి

మీరు యూనివర్సిటీలో బీఏ చేస్తున్నా ఇది తప్పించుకోవద్దు. హెచ్ఆర్ వాళ్లకి మీ సెమిస్టర్ మార్కులు అర్థం కావు, బీ2 అంటే అర్థమవుతుంది.

జర్మన్‌కి గోయెతే పరీక్షలు హైదరాబాద్‌లోని గోయెతే సెంట్రం, చెన్నైలోని మాక్స్ ముల్లర్ భవన్‌లో రాయవచ్చు. ఫ్రెంచ్ పరీక్ష డెల్ఫ్‌కి హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సెజ్ ఉంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగుతారు గానీ, పరీక్ష ఉదయమే అయితే ఒకరోజు ముందే వెళ్లండి. రాత్రంతా రైల్లో ఉండి వినికిడి పరీక్ష రాస్తే ఫలితం అలాగే ఉంటుంది. జేఎల్‌పీటీ మన దేశంలో జూలై, డిసెంబర్లలో జరుగుతుంది, రిజిస్ట్రేషన్ నెలల ముందే మూసేస్తారు.

పాస్ నియమాలు ముందే తెలుసుకోండి. డెల్ఫ్‌లో వందకి యాభై రావాలి, నాలుగు భాగాల్లో ఏ ఒక్కదాంట్లోనూ 25కి 5 కంటే తగ్గకూడదు. గోయెతే బీ1, బీ2లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ వేర్వేరు, ఒక్కోదాంట్లో 60 శాతం కావాలి. ఫెయిలైన భాగం మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. జేఎల్‌పీటీ ఎన్2లో 180కి 90 రావాలి, ప్రతి విభాగంలో 60కి 19 తప్పనిసరి. అందులో మాట్లాడే పరీక్ష లేదు. అందుకే ఎన్2 చేతిలో పెట్టుకుని ఇంటర్వ్యూలో నోరు తెరవలేనివాళ్లు కనిపిస్తారు. జపనీస్‌వాళ్లు మాట్లాడే సాధన సొంతంగా పెంచుకోవాల్సిందే.

పేరు విషయం. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి పొట్టి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి. డిగ్రీలో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఒకలా, భాషా సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే వీసా దగ్గర అఫిడవిట్ల చుట్టూ తిరగాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, స్పెల్లింగ్ సహా, పరీక్ష ఫారంలో నింపండి.

గడువు కూడా చూసుకోండి. డెల్ఫ్‌కి, జేఎల్‌పీటీకి కాలపరిమితి లేదు. టోపిక్ రెండేళ్లే చెల్లుతుంది. కెనడా కోసం రాసే ఫ్రెంచ్ పరీక్షలు టెఫ్, టీసీఎఫ్ కూడా అంతే. మొదటి ఏడాదిలోనే రాసేసి డిగ్రీ అయ్యాక చూపిస్తే పనికిరావు.

8. ఉద్యోగం వైపు రెండో ఏడాది నుంచే నడవండి

కంపెనీ పని: భాషా ఉద్యోగాల్లో ఎక్కువ ఇక్కడే. బిల్లులు, ఇన్సూరెన్స్ క్లెయిములు, టెక్ సపోర్ట్, సప్లయర్లతో ఉత్తరప్రత్యుత్తరాలు. ఇంటర్వ్యూలో ఒక ఫోన్ రౌండు, ఒక ఈమెయిల్ రౌండు ఉంటాయి. ఇంట్లో ఇలా సాధన చేయండి: "మా ఇన్వాయిస్‌లో మొత్తం తప్పు పడింది, సరిచేసిన కాపీ శుక్రవారంలోగా పంపుతాం, క్షమించండి" అన్న విషయాన్ని పదిహేను నిమిషాల్లో, డిక్షనరీ లేకుండా, మర్యాద రూపాలు తప్పకుండా ఈమెయిల్‌గా రాయండి. తర్వాత అదే విషయం ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు చెప్పండి. రెండూ తడబడకుండా వస్తే మీరు సిద్ధం. ఎక్సెల్ రాకపోతే ఈ నెలే నేర్చుకోండి.

టీచింగ్: స్కూల్‌కి బీఈడీ ఉంటే నిలదొక్కుకోవడం సులువు. కాలేజీకి ఎంఏ, యూజీసీ నెట్ కావాలి. నెట్‌లో ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్, చైనీస్, అరబిక్, పర్షియన్ ఉన్నాయి. స్కూల్ ఉద్యోగానికి ఒక ప్రమాదం, ప్రభుత్వ భాషా విధానం మారితే పోస్టు కదులుతుంది. 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో మూడో భాషగా ఉన్న జర్మన్‌ని తీసేసి సంస్కృతం పెట్టారు, అదీ విద్యాసంవత్సరం మధ్యలో.

అనువాదం: మామూలు కాగితాలు ఇప్పుడు యంత్రం చేసేస్తోంది. మిగిలేది యంత్రం చేసినదాన్ని దిద్దే పని, ఇంకా వైద్యం, చట్టం, పేటెంట్లు లాంటి, తప్పు జరిగితే కేసయ్యే కాగితాలు. అక్కడ విషయ జ్ఞానం ఉన్నవాళ్లే నిలబడతారు. మన దగ్గర ఎక్కువ పని విదేశీ భాష నుంచి ఇంగ్లీషులోకి ఉంటుంది, కాబట్టి మీ ఇంగ్లీషు రాత కూడా పదునుగా ఉండాలి. అనువాద శాస్త్రం చదవాలంటే హైదరాబాద్ యూనివర్సిటీలో ప్రత్యేక కేంద్రం ఉంది.

ప్రభుత్వం: విదేశాంగ శాఖలో దుబాసీల కేడర్ ఉంది, పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సివిల్స్ ఆశ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఫ్రెంచ్, జర్మన్ లాంటి విదేశీ భాషల సాహిత్యాన్ని 2013లో ఆప్షనల్స్ నుంచి తీసేశారు. విదేశాంగ సర్వీసుకి (ఐఎఫ్ఎస్) ఎంపికైనవాళ్లకి భాష ప్రభుత్వమే తర్వాత నేర్పిస్తుంది. ఆ ఒక్క కారణంతో భాషలో డిగ్రీ చేయకండి.

స్కాలర్‌షిప్‌లు: జపనీస్ డిగ్రీ చేస్తున్నవాళ్లకి ఏడాది పాటు జపాన్‌లో చదువుకునేందుకు జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది. జర్మన్‌వాళ్లు డాడ్ అనే జర్మనీ సంస్థ స్కాలర్‌షిప్‌లు చూడండి. రెండో ఏడాది మొదట్లోనే మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి గడువులు రాసుకోండి.

మోసాల గురించి: "ఇంటి నుంచి అనువాదం, పేజీకి ఇంత" అంటూ ముందు డిపాజిట్ అడిగేవాళ్లంతా దొంగలే. నిజమైన ఏజెన్సీ మీకు డబ్బిస్తుంది, మీ దగ్గర తీసుకోదు. చిన్న శాంపిల్ పరీక్ష పెడితే మామూలే. పది పేజీల "శాంపిల్" అంటే మాత్రం మీ చేత ఉచితంగా పని చేయించుకుంటున్నట్టు. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకి విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూశాకే ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి. వాళ్ల దగ్గర మాత్రం వదిలిపెట్టకండి.

ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం ముందు నాలుగు చూడండి. భాషకి ఇచ్చే అదనపు మొత్తం జీతంలో కలిపేశారా, వేరే అలవెన్సుగా రాశారా? వేరేగా ఉంటే, ప్రాజెక్టు మారినప్పుడు అది ఆగిపోతుందా? షిఫ్టు ఏ దేశం టైమ్‌ది, రాత్రి ఇంటికి క్యాబ్ ఉందా? బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి? నోటిమాటగా చెప్పినవేవైనా ఉంటే ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.